గంప కింద కోడి, టేబుల్ కింద పిల్లి

మన బడుల్లో ఇంగ్లీషు ఒక పిల్లితో మొదలవుతుంది. ఆ పిల్లి ముందు టేబుల్ మీద కూర్చుంటుంది. తర్వాత టేబుల్ కిందికి పోతుంది. ఆ తర్వాత డబ్బాలో దూరుతుంది. బొమ్మ పక్కన ఖాళీ గీత ఉంటుంది. ఇన్, ఆన్, అండర్, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఆ గీత మీద రాయాలి. రాసిన పిల్లవాడు హుషారైనవాడు. రాయలేని పిల్లవాడు 'ఏజెన్సీ పిల్లాడు, వీళ్లింతే'. ఈ 'వీళ్లింతే' అనే మాటతోనే మాకు పేచీ. పిల్లితో పేచీ లేదు.

కొన్నేళ్ల కిందట మా బడికి తనిఖీకి ఒక పెద్దసారు వచ్చారు. రెండో తరగతి పాపను లేపి, డస్టర్‌ను కుర్చీ మీద పెట్టి, 'వేర్ ఈజ్ ద డస్టర్?' అని అడిగారు. పాప కుర్చీ వైపు చూసి 'చైర్ ఆన్' అంది. సారు నవ్వారు. ఆయన వెంట వచ్చినవాళ్లూ నవ్వారు. పాప కూర్చుంది. ఆ సంవత్సరమంతా ఆ పాప ఇంగ్లీషు గంటలో నోరు తెరవలేదు. సారు మాత్రం పిల్లలకు కనీస సామర్థ్యాలు లేవని రిజిస్టర్‌లో రాశారు. దాని కింద మేము సంతకం పెట్టాం. ఎదురు చెప్పలేదు. ఆ సంతకం మాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఆ రోజు చెప్పలేనిది ఇప్పుడు చెబుతాం.

'చైర్ ఆన్' అన్న పాపకు ఏం తెలుసో చూడండి. 'వేర్' అంటే ఎక్కడ అని తెలుసు. కుర్చీని చైర్ అంటారని తెలుసు. డస్టర్ కుర్చీకి ఆనుకుని పైన ఉంది కాబట్టి ఇక్కడ ఇన్ కాదు, అండర్ కాదు, ఆన్ అని తెలుసు. తెలియనిది ఒక్కటే, ఆన్ అనే మాట కుర్చీకి ముందు నిలబడాలని. ఎందుకు తెలియలేదు? ఆ పాప పుట్టినప్పటి నుంచి విన్న బాసలో చోటు చెప్పే మాట వెనక నిలబడుతుంది. కోయలో అంతే, గోండిలో అంతే, కువిలో అంతే, తెలుగులోనూ అంతే. 'కుర్చీ మీద' అంటాం. 'మీద కుర్చీ' అనం. పాప తన బాస నియమాన్ని ఇంగ్లీషుకు సరిగ్గా వర్తింపజేసింది. దాన్ని తెలివితక్కువతనం అనేవాళ్లు ఒక్కసారి ఇంగ్లీషు నియమంతో కోయ మాట్లాడి చూపించాలి. అప్పుడు ఎవరు నవ్వాలో తేలుతుంది.

(సవర సంగతి వేరు. అది మా బాసల కోవలోది కాదు, ముండా కుటుంబంలోది. అక్కడి పిల్లల తికమక ఎలా ఉంటుందో అక్కడి టీచర్లే రాయాలి. ఈ పుస్తకం తర్వాతి సంచికలో రాస్తారని అడుగుతున్నాం కూడా.)

ఇంకో సంగతి. మైదానం నుంచి వచ్చిన టీచర్ మంచివాడే అనుకుందాం. ఇంగ్లీషు పిల్లలకు అందడం లేదని తెలుగులో వివరిస్తాడు. 'ఇన్ అంటే లోన. డబ్బా లోన బంతి' అంటాడు. ఒకటో తరగతి కోయ పిల్లవాడికి 'లోన్' అంటే ఇల్లు. నా లోన్ అంటే నా ఇల్లు. ఇప్పుడు వాడి చెవిలో ఏం పడింది? డబ్బా, ఇల్లు, బంతి. వాడు కిటికీలోంచి తన ఇంటి వైపు చూస్తాడు. టీచర్ 'ధ్యాస లేదు' అంటాడు. ధ్యాస ఉండబట్టే కదా ఇంటి వైపు చూశాడు! ఇలాంటిదే ఇంకోటి. 'ఏర్' అంటే మాకు నీళ్లు. దాహమై 'ఏర్' అంటే, ఏటికి పోతానంటున్నాడేమోనని కసిరి కూర్చోబెట్టిన టీచర్లను మేము చూశాం. ఒక మాట అడ్డం తిరిగితే పిల్లవాడికి ఒక రోజు పోతుంది. అలాంటివి రోజుకు పది.

ఇక్కడే చాలామంది మన తమ్ముళ్లు, చెల్లెళ్లు మా మీద కోపానికి వస్తారు. 'మీరు చదువుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నారు, ఇప్పుడు మా పిల్లలకు ఇంగ్లీషు వద్దంటారా? మళ్లీ ఇప్పపువ్వు ఏరుకోమంటారా?' అని అడుగుతారు. ఆ కోపం న్యాయమైనదే. ఇంగ్లీషు వద్దని మేము ఎక్కడా అనలేదు. అనం. కలెక్టరాఫీసులో కాగితం ఇంగ్లీషులో, కోర్టులో తీర్పు ఇంగ్లీషులో, మన భూమిని తీసుకునే నోటీసు వెనక అసలు ప్రతి కూడా ఇంగ్లీషులో ఉన్నప్పుడు, మన పిల్లలకు ఇంగ్లీషు రాకూడదనేవాడు మన శత్రువు. మేమడుగుతున్నది వేరు. ఇంగ్లీషు మీడియం అని బోర్డు మార్చడం, పిల్లలకు ఇంగ్లీషు రావడం ఒకటేనా? తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జీవోలు తెచ్చారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది, ఆ తర్వాత ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. తెలంగాణలోనూ అలాంటివే వచ్చాయి. 'రెండు భాషలూ ఇచ్చాం, ఇంకేం కావాలి?' అంటున్నారు. ఆ రెండు పేజీల్లో మా పిల్లల బాస ఏది? ఒకటి పరాయిది, ఇంకోటి పొరుగుది. సొంతది ఏ పేజీలోనూ లేదు.

అది చట్టంలో ఉంది. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధించే ఏర్పాట్లు చేయమంటుంది. 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలోనే ఉండాలంటుంది. 'వీలైనంత వరకు' అన్న ఆ రెండు మాటల సందులోంచే మా పిల్లలు ప్రతి ఏడూ బయటికి జారిపోతున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారు చేయించారు. మాలో కొందరు ఆ పనిలో కూర్చున్నారు కూడా. పెద్దవాళ్లను అడిగి మాటలు పోగుచేసి, పాటలు రాసి, బొమ్మలు వేయించాం. మా మండలంలో ఆ పుస్తకాలు ఇప్పుడు ఏ బీరువాలో ఉన్నాయో అడిగితే, తాళం ఎవరి దగ్గరుందో కూడా ఎవరూ చెప్పలేకపోయారు.

2000 జనవరిలో వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు బయటివాళ్లంతా 'వీళ్ల ఉద్యోగాల గొడవ' అనుకున్నారు. పేపర్లూ అలాగే రాశాయి. నిజం చెప్పాలంటే మేము కూడా అలాగే మాట్లాడాం. పోస్టులు, శాతాలు, రోస్టర్లు అన్నాం. తరగతి గదిలో కూర్చున్న ఆరేళ్ల పిల్ల తరఫున మాట్లాడటం మరిచాం. 'చైర్ ఆన్' అంటే అది తప్పు కాదని, తన బాస దారి అని పట్టుకోగలిగేది ఆ బాస వచ్చిన టీచరే. లోన్ అంటే ఇల్లని తెలిసిన టీచరే. మాకు జీవో 3 అంటే అది. కోయ నేర్చుకున్న మైదానం టీచర్ ఉంటే మేము ఆయన్ను నెత్తిన పెట్టుకుంటాం. అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు మా వైపు ఉన్నారు కూడా. వాళ్లకు దండం.

ఇప్పుడు పాఠం దగ్గరికి వద్దాం. ఎందుకంటే తిట్టి ఊరుకుంటే మా పని సగమే అవుతుంది.

డీఈడీలో మాకు నేర్పింది ఏమిటి? చార్టు వేయండి, బొమ్మ చూపండి, అర్థం చెప్పండి. ఆన్ అంటే మీద, ఇన్ అంటే లో, అండర్ అంటే కింద. మేము ఏళ్ల తరబడి అలాగే చెప్పాం. మూడు రోజుల్లో పిల్లలు అప్పజెప్పేవారు. నాలుగో రోజు గోడ మీద బల్లిని చూపిస్తే తడబడేవారు. పైకప్పుకు తల్లకిందులుగా అంటుకున్న బల్లిని చూపిస్తే ఇక అంతే. అది కప్పు కింద కదా ఉంది? ఇంగ్లీషువాడు మాత్రం ఆన్ ద సీలింగ్ అంటాడు. ఎందుకంటే ఆన్ అంటే 'మీద' కాదు. ఆన్ అంటే అంటుకుని, ఆనుకుని ఉండటం. వేలికి ఉంగరం, చొక్కాకు గుండీ, చెట్టుకు కాయ, ఇవన్నీ ఇంగ్లీషులో ఆన్. మనం 'కి', 'కు' అనేచోట వాళ్లు ఆన్ అంటారు. మనం 'పైన' అనే ఒక్క మాటతో చెట్టు పైన వాలిన కాకినీ, చెట్టు పైన తిరిగే గద్దనూ చెబుతాం. వాళ్లకు గద్ద ఎబౌ. తాకితే ఒక మాట, తాకకపోతే ఇంకో మాట. సంతలో, బస్సులో, చేతిలో, ఎండలో అని మనం అన్నిటికీ 'లో' చాలనుకుంటాం. వాళ్లు ఎట్ ద మార్కెట్ అంటారు, ఆన్ ద బస్ అంటారు, చేతికీ ఎండకూ మాత్రం ఇన్ అంటారు. ఒక మాటకు ఒక మాట అని అర్థం చెప్పిన రోజునే మనం పిల్లల కాళ్లకు అడ్డం పడుతున్నాం. తర్వాత వాళ్లు పడిపోతే వాళ్లనే తిడుతున్నాం.

ఇంకో దగా, ఏడెనిమిది మాటలను ఒకే పేజీలో కుక్కడం. ఇన్, ఆన్, అండర్, బిసైడ్, బిట్వీన్, బిహైండ్, ఇన్ ఫ్రంట్ ఆఫ్, అన్నీ ఒకే వారం. 1979లో జాన్‌స్టన్, స్లోబిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లీషు, ఇటాలియన్, సెర్బో-క్రొయేషియన్, టర్కిష్ మాట్లాడే చిన్నపిల్లలు చోటు చెప్పే మాటలను ఏ వరసలో నేర్చుకుంటారో చూశారు. లోపల, మీద, కింద, పక్కన అనేవి ముందు వస్తాయి. మధ్య అనేది తర్వాత. ముందు, వెనక అనేవి ముఖం ఉన్న వస్తువులకైతే కాస్త ముందుగా, ముఖం లేని వస్తువులకైతే చివరగా వస్తాయి. ఆలోచిస్తే మనకూ తెలిసిన సంగతే. మేకకు ముఖం ఉంది, ఇంటికి వాకిలి ఉంది. చెట్టుకు ముందేది, వెనకేది? ఇటు నిలబడ్డవాడికి ఇటు ముందు, అటు నిలబడ్డవాడికి అటు ముందు. ఇంగ్లీషు ఇంట్లో పుట్టిన పిల్లలకే అది ఆలస్యంగా వస్తుంటే, ఇంగ్లీషును మూడో బాసగా వినే మన పిల్లలకు వారంలో రావాలట. రాకపోతే సామర్థ్యాలు లేవట.

మేము ఇప్పుడు చేస్తున్నది చెబుతాం. గొప్ప పద్ధతేమీ కాదు. ఒక గంప, ఒక గులకరాయి. దొరికితే కోడి. రెండు వారాల పాటు పలక లేదు, పుస్తకం లేదు. ముందు కోయలో అడుగుతాం, రాయి ఎక్కడుందని. పిల్లలు కోయలో చెబుతారు, పందెం వేసుకుని చెబుతారు. అప్పుడు 'పుట్ ద స్టోన్ ఇన్ ద గంప' అంటాం. అవును, 'ఇన్ ద గంప' అనే అంటాం. బాస్కెట్ తర్వాత వస్తుంది, దానికి తొందరేం లేదు. వస్తువు పాతది, చోటు మాట ఒక్కటే కొత్తది. అదే గంప, అదే రాయి, ఇన్ ద గంప, ఆన్ ద గంప, అండర్ ద గంప. మిగతాదేదీ మారదు కాబట్టి పిల్లల చెవి మారిన మాట మీదే నిలుస్తుంది. పుస్తకంలో పిల్లి, టేబుల్, బంతి, డబ్బా, చాప, కుక్క అన్నీ ఒకేసారి మారిపోతాయి. అందులో ఏది పట్టుకోవాలో పెద్దవాళ్లకే తెలియదు. కోడి ఉంటే ఇంకా మంచిది. మన ఇళ్లల్లో కోడిని గంప కింద మూస్తాం. అది చూస్తే లోపల ఉన్నట్టే ఉంటుంది. అయినా అండర్. బోర్లించిన గంపకు, వెల్లకిలా ఉన్న గంపకు తేడా మన పిల్లలకు చెప్పక్కర్లేదు. ఆ తేడా తెలియనివాడికి కోడి దొరకదు.

ముందు-వెనక తిప్పలకు ఒక ఆట పెట్టాం. ఒక పిల్లవాడు 'గంప'. ఇంకో పిల్ల 'లో'. గంప ముందు, లో దాని వెనక నిలబడుతుంది. మన బాసలో వరస అది. మేము చప్పట్లు కొట్టగానే 'లో' అనే పిల్ల 'ఇన్' అయిపోయి, పరిగెత్తి గంప ముందుకు వచ్చి నిలబడాలి. మళ్లీ చప్పట్లు కొడితే వెనక్కి పోవాలి. పిల్లలు నవ్వి నవ్వి పడిపోతారు. మూడో రోజుకి 'గంప ఇన్' అన్నవాడిని పక్కవాడు 'ముందుకురా, ముందుకురా' అని నెడుతున్నాడు. వ్యాకరణం అని ఒక్క మాట మేము చెప్పలేదు. తన బాసలో వరస ఒకటుందని, దానికీ ఒక నియమం ఉందని కూడా పిల్లలకు అప్పుడే తెలిసింది. 'మా బాసకు వ్యాకరణం లేదు కదా సార్' అని అడిగే ఇంటర్ పిల్లలు ఇప్పటికీ మాకు కనిపిస్తారు. ఎవరు చెప్పారు వాళ్లకు?

ఆ తర్వాత బడి బయటికి. మంచె మీద అన్న, మంచె కింద మేక. రెండు గుట్టల మధ్య దారి. ఏటికి అవతల అత్తవాళ్ల ఊరు. అక్రాస్ అనే మాట పుస్తకంలో మూడేళ్ల తర్వాత వస్తుందేమో, మా పిల్లలకు మొదటి ఏడాదే కావాలి. వాళ్ల బతుకంతా ఏరు దాటడమే. ఊళ్ల పేర్లకే ఎగువ, దిగువ అని తగిలించుకున్న కొండల్లో పుట్టిన పిల్లలు వీళ్లు. చీకట్లో దారి తప్పకుండా ఇంటికి వచ్చే పిల్లలకు చోటు తెలియదని రాసినవాళ్ల చేతిని ఏమనాలి?

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మా వైపు బడులు మునిగాయి. నీళ్లు తీశాక గోడ మీద బురద గీత మిగిలింది. ఆ ఏడు మేము ఎబౌ, బిలో పాఠం ఆ గీత దగ్గరే చెప్పాం. గీత కిటికీకి పైన ఉంది, కడ్డీలకు ఎండిన గడ్డి వేలాడుతోంది. మూడో తరగతి పిల్లవాడొకడు గీతను చూపించి, తనంతట తానే, 'వాటర్ ఎబౌ విండో. బుక్స్ అండర్ వాటర్. వుయ్ ఆన్ గుట్ట' అన్నాడు. ఈజ్, ఆర్, వాజ్, ద, ఏవీ లేవు. తనిఖీ సారు ఉంటే ఎన్ని తప్పులో లెక్కపెట్టేవారు. మేము లెక్కపెట్టలేదు. చోటు మాటలు మూడూ ఉండాల్సిన చోట ఉన్నాయి, ముందే నిలబడ్డాయి. పోలవరం ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు పోయిన పిల్లలు కూడా ఇప్పుడు మా బంధువుల బడుల్లో ఉన్నారు. వరసగా కట్టిన ఇళ్ల మధ్య వాళ్లు బిట్వీన్, బిసైడ్ త్వరగానే నేర్చుకుంటారు. 'మీ పాత ఊరు ఎక్కడుంది?' అని అడిగితే వాళ్లు ఏ మాట రాయాలో పుస్తకం రాసినవాళ్లే చెప్పాలి.

మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మేమే బడిలో కోయ మాట్లాడిన పిల్లలను చాలా ఏళ్లు వారించాం. మా టీచర్లు మాకు చేసింది మేము వీళ్లకు చేశాం. కొత్తగా చేరిన రోజుల్లో స్టాఫ్ రూములో మా బాస బయటపడకుండా జాగ్రత్త పడ్డాం కూడా. ఇంటి దగ్గర పిల్లలతో తెలుగులోనే మాట్లాడండని తల్లులకు సలహా ఇచ్చాం. ఆ తల్లుల తెలుగు అంతంతమాత్రం. రాని బాసలో పిల్లలతో మాట్లాడమంటే వాళ్లు మాట్లాడటమే తగ్గించారు. ఆ ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు కోయలో ఎక్కడ, ఎటు, ఏది అని అడిగినా జవాబు చిన్నదైపోయింది. పాత బ్యాచుల పిల్లలకు, వీళ్లకు తేడా మా కళ్లముందే ఉంది. ఇంట్లో కథలు విన్న పిల్లలు గంప ఆటలో మొదటి రోజే ముందుంటున్నారు.

అందుకే టీచర్ తమ్ముళ్లను, చెల్లెళ్లను అడుగుతున్నాం. వచ్చే జూన్‌లో బడి తెరిచినప్పుడు ఖాళీలు పూరించే కాగితంతో మొదలుపెట్టకండి. పిల్లవాడు రాయిని సరైన చోట పెట్టాడా లేదా చూసి మార్కు వేయండి. ఆ బాస మీకు రాకపోతే ఐదో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి, ఆమె మీకు నేర్పుతుంది. ఐటీడీఏ ముందు కూర్చుని మనం అడగాల్సిన కోరికల కాగితంలో పోస్టులతో పాటు ఇంకో రెండు రాయండి: బీరువాల్లో ఉన్న ఎనిమిది భాషల వాచకాలు బయటికి రావాలి, రెండు పేజీల పుస్తకానికి మూడో పేజీ రావాలి.

వచ్చే కాంప్లెక్స్ సమావేశంలో ఇంగ్లీషు నమూనా పాఠం చెప్పే వంతు మాది. పిల్లి చార్టు తీసుకెళ్లడం లేదు. గంప తీసుకెళ్తున్నాం, కోడిని కూడా. 'చైర్ ఆన్' అన్న పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి, పక్క ఆశ్రమ పాఠశాలలోనే చదువుతోంది. కోడిని పట్టుకోవడానికి తను వస్తానంది. మొదటి ప్రశ్న కోయలో అడుగుతాం. ముందు వరసలో కూర్చునే సార్లను లేపి అడుగుతాం.